పిన్ని మోపెడ్ సైలెన్సర్

మొన్న బెంజ్ సర్కిల్ దాటుతుండగా నా పాత స్కూటర్ ఉన్నట్టుండి డబడబమని అరవడం మొదలుపెట్టింది. ఆఫీసు నుంచి ఒళ్ళు హూనమై వస్తున్నదాన్ని, అందరూ తిరిగి చూస్తుంటే పక్కసందులో మెకానిక్ దగ్గరికి చేరాను. "సైలెన్సర్ తుప్పట్టి చిల్లు పడిందండీ. వెల్డింగ్ నిలవదు, కొత్తది వేసేద్దాం" అన్నాడు. వెంటనే సరే అనలేకపోయాను. మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని చల్లపల్లి అవతల కాలవగట్టు ఊళ్ళకి నర్సు. ఏళ్ళ తరబడి ఆ బురదలో, నీళ్ళలో తిరిగీ తిరిగీ ఆవిడ మోపెడ్ సైలెన్సర్ కూడా ఇలాగే చిల్లులు పడింది. ఆవిడ ఊరి పొలిమేరలో ఉండగానే ఆ చప్పుడు విని పిల్లలు సూదులకి భయపడి గడ్డివాముల్లో దూరేవారు. ఆదివారం ఆలస్యంగా చర్చికొస్తే, పాస్టరుగారు ప్రసంగం ఆపి, బండి ఆగేదాకా కళ్ళు మూసుకుని నిలబడేవారు. పాపం ఎన్నాళ్ళని ఓర్చుకుంటారు? "అమ్మా, మన ప్రార్థన దేవుడికి వినపడాలంటే ముందా బండి నోరు మూయించాలి" అన్నారొకరోజు. పిన్ని సిగ్గుపడి కొత్త సైలెన్సర్ వేయించింది. ఆ నెల పిల్లలంతా దొరికిపోయారని ఇంటికొచ్చి తెగ నవ్వింది.

ఆ ఊళ్ళల్లో ఒక తొలిచూలు అమ్మాయి ఉండేది. కాళ్ళు వాచిపోతున్నా అత్తగారు ఆసుపత్రికి పంపేది కాదు. "మేం కనలేదా? మాకెవరిచ్చారు సూదులూ మందులూ?" అనేది. మోపెడ్ చప్పుడు వినగానే ఆ పిల్ల నీళ్ళ వంకతో బిందె పట్టుకుని గట్టు మీదికొచ్చేది. అక్కడే నిలబెట్టి పిన్ని బీపీ చూసి, మాత్రలిచ్చి పంపేది. కొత్త సైలెన్సర్ వేయించాక ఆ అమ్మాయి గట్టు మీద కనపడలేదు. తొలికాన్పు కదా, పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉంటుందనుకుని పిన్ని ఆ ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయింది. మన ఇళ్ళల్లో ఎవరైనా అలాగే అనుకుంటారు.

బీపీ పెరిగి గుర్రపువాతం, అదే ఫిట్స్, వచ్చి ఆ అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారని తెలిసి పిన్ని పరుగెత్తింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. మంచం మీద నుంచి ఆ పిల్ల నీరసంగా, "రావటం మానేశారేంటండీ సిస్టరుగారూ? రోజూ బండి చప్పుడు కోసం చూశాను" అందట.

పిన్ని ఆసుపత్రి నుంచి తిన్నగా మెకానిక్ షెడ్డుకి వెళ్ళింది. "కొత్తది పీకి పాత చిల్లుల సైలెన్సరే పెట్టమంటారేంటండీ?" అని అతను తెల్లబోయాడు. "పెట్టు నాయనా, ఏం అడక్కు" అని పిన్ని పక్కనున్న బల్ల మీద కూలబడింది. రిటైరయ్యేదాకా ఆ చప్పుడుతోనే తిరిగింది. ఎవరెంత నవ్వినా, కారణం మా అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పిన్నికి డెబ్బై దాటాయి. మోకాళ్ళు మొరాయిస్తున్నా, ఆ అమ్మాయి ఊరి మీదుగా వెళ్ళే బస్సు మాత్రం ఎక్కదు, చుట్టూ తిరిగే వెళ్తుంది. కాలమే మందు అంటారు అందరూ. ఎంత కాలం వాడాలో మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పలేదు.