అడుగుపెట్టి వచ్చిన దేశం

ఈ పొద్దున మంచు తీద్దామని గరాజ్ తలుపు ఎత్తుతూ ఫోన్‌లో వాతావరణం చూశాను. మిషిగన్‌లో మేముండే ట్రాయ్ కింద ఇంకో ఊరు కనిపించింది, మెల్బోర్న్, నిండు సూర్యుడి బొమ్మతో. ఎన్ని ఫోన్లు మార్చినా ఆ ఊరు నా వెంటే వచ్చేస్తోంది. వాళ్ల పెద్దమ్మ, అంటే మా అక్క, అక్కడుంది గనక పెట్టుకున్నానని మా అమ్మాయికి చెబుతుంటాను. అది సగం నిజం. పార చేత్తో పట్టుకుని, అక్కడ ఎండ ఎలా ఉందో చూసుకుంటూ కాసేపు అలాగే నిలబడిపోయాను.

అప్పట్లో మా ఆయనది హెచ్ వన్ వీసా, నాది హెచ్ ఫోర్. అంటే ఆయన ఉద్యోగం చేయొచ్చు, నేను ఆయన భార్యగా ఉండొచ్చు. ఏలూరులో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి వచ్చినదాన్ని, ట్రాయ్‌లో అపార్ట్‌మెంట్ వంటింట్లో ఉప్మాకి ఎన్ని నీళ్లు పొయ్యాలో ప్రయోగాలు చేస్తూ కూర్చున్నాను. కార్ల కంపెనీల్లో రోజూ లేఆఫ్ కబుర్లే. గ్రీన్ కార్డ్ క్యూ నెలకో అంగుళం జరిగితే పండగ. ఎందుకైనా మంచిదని మా ఆయన ఆస్ట్రేలియాకి కూడా అప్లై చేసి పెట్టారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు గానీ, హెచ్ వన్ వాళ్లకి ఒక పడవ మీద నిద్ర పట్టదు. తీరా అక్కడి పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేసింది. అందులో ఒక మెలిక ఉంది. గడువులోగా ముగ్గురం ఒకసారి వెళ్లి ఆ నేల మీద అడుగు పెట్టి రావాలి. అలా పెడితే, ఇంకొన్నేళ్ల లోపు ఎప్పుడైనా వెళ్లి స్థిరపడొచ్చు. అడుగు ఎలాగూ పెడుతున్నాం కాబట్టి ఊరు కూడా చూసొద్దామని, క్రిస్మస్ సెలవుల్లో స్వెటర్లు వేసుకుని విమానం ఎక్కి, మండుటెండలో దిగాం.

మా బావగారు ఆ ఊరికి తనే పునాది వేసినట్టు చూపించేవారు. ట్రామ్ ఎక్కించారు, మార్కెట్‌లో మామిడిపళ్లు కొనిపెట్టారు, బీచ్‌లో రంగురంగుల చెక్క గదుల ముందు మమ్మల్ని నిలబెట్టి ఫోటోలు తీశారు. మా ఆయన మాత్రం కాలుకాలిన పిల్లే. సముద్రానికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న ఇంటి ధర అడిగేవారు. స్కూలు కనిపిస్తే కారు ఆపమనేవారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒకరోజు స్టీరింగ్ తనే తీసుకున్నారు. ఎడమవైపు తోలడం మన దేశపు పద్ధతే కదా అని ధీమా. తీరా చూస్తే ఆయన ఇండియాలో స్కూటర్ తప్ప కారు తోలిన పాపాన పోలేదు. ఆ కార్లలో అమెరికాకి తిరగేసి సిగ్నల్ మీట కుడిచేతి వైపు, వైపర్ మీట ఎడమచేతి వైపు. మలుపు వచ్చినప్పుడల్లా మబ్బు తునక లేని ఆకాశం కింద మా వైపర్లు గీక్‌గీక్‌మని ఊగేవి. "నాన్నా, రైన్ లేదు కదా!" అని వెనక సీట్లోంచి మా అమ్మాయి ఒకటే గోల.

నాకూ మనసు నిలకడగా లేదు, కాకపోతే కారణం వేరు. అక్క ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. సాయంత్రం వచ్చి, మెడలో సూత్రాలతో పాటు ఐడీ కార్డు వేలాడుతుండగానే పప్పులో పోపు పెట్టేది. ఆ కార్డు చూస్తే నాకు కడుపులో మండేది. అక్క నగలు చూసి ఏనాడూ అంత కుళ్లుకోలేదు. "మా ల్యాబ్‌లో నీ గురించి మాట్లాడానే. చిన్న కోర్సు చేస్తే తీసుకుంటారు. మరిదిగారూ, ఏమంటారు మరి?" అని రోజూ అడిగేది. "చూద్దాం వదినగారూ" అనేవారాయన. మన భాషలో ఆ మాటకి అర్థం తెలియనిదెవరికి? పెళ్లిసంబంధం దగ్గర్నుంచి అప్పు దాకా, లేదని నోరారా చెప్పలేని మర్యాదస్తుడు చూద్దాం అంటాడు. ఆ సెలవుల్లో రెండు రకాల చూద్దాంలు కలిసిపోయి, "రేపేం చూద్దాం?" అని బావగారు అడిగినా నాకు ఉలుకే.

చివరి సాయంత్రం పెంగ్విన్లు చూడ్డానికి దీవికి తీసుకెళ్లారు. మిషిగన్ వాళ్లం, మాకు చలేమిటని పల్చటి చొక్కాతో వచ్చిన మా ఆయన, పొద్దుగూకేసరికి అక్క శాలువా కప్పుకుని కూర్చున్నారు. చీకటి పడుతుండగా అల నురుగులోంచి జానెడు జానెడు పెంగ్విన్లు పది పన్నెండు లేచి నిలబడ్డాయి. ముందు ఖాళీ ఇసుక. నాలుగడుగులు వేయడం, ఏ పిట్టో అరిస్తే మళ్లీ నీళ్లలోకి పరుగెత్తడం. "మీ ఆయన చుట్టాలమ్మా" అని బావగారు గొణిగితే అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, "వచ్చేద్దామా? నువ్వు సరేనంటే వెళ్లగానే ఆఫీస్‌లో చెప్పేస్తాను. ఇక్కడైతే నువ్వు జాబ్ చేసుకోవచ్చు" అన్నారు.

అన్నాళ్లూ నేను ఎదురుచూసిన మాట అదే. అక్క నా మొహంలోకి చూస్తోంది. నాకు ఏలూరు క్లాస్‌రూమ్ గుర్తు రాలేదు, ఐడీ కార్డు గుర్తు రాలేదు. చెప్పొద్దూ, భయమేసింది. ఇన్నేళ్లుగా నా చేతకానితనం అంతా వీసా నెత్తిన వేసి తిట్టుకోవడానికి అలవాటుపడ్డాను. రేపు ఆ ల్యాబ్‌లో నాకు పని రాకపోతే ఎవర్ని తిట్టుకోవాలి? నోరు తెరిచాను. "చూద్దాం లెండి" అన్నాను. అక్క "పదండి, పిల్లకి చలేస్తోంది" అంటూ లేచింది. మా వెనక పెంగ్విన్లు ఇసుక దాటేసి ఉంటాయి, నేను తిరిగి చూడలేదు.

ట్రాయ్ వచ్చాక ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గ్రీన్ కార్డ్ నత్తలా పాకుతూ ఎప్పటికో వచ్చింది. నాకూ పని చేసుకునే వీలు దొరికేసరికి కెమిస్ట్రీ అలాగే ఉంది, నేనే లేను. మెల్బోర్న్ వెళ్లి స్థిరపడడానికి ఇచ్చిన గడువు మధ్యలో ఎప్పుడో తీరిపోయింది. ఆ రోజు ఏ వారమో, నేనేం చేస్తున్నానో ఎంత ఆలోచించినా తట్టదు. పెళ్లిరోజు, విమానం ఎక్కిన రోజు, బిడ్డ పుట్టిన రోజు మనిషికి గుర్తుంటాయి. ఒక బతుకంతా చేజారిన రోజు మాత్రం మామూలు రోజులాగే తెల్లారి, బట్టలు మడతపెట్టేలోపు పొద్దుగూకిపోతుంది.