పడవను ఇంటికి తెచ్చిన రోజు

రిటైరయ్యాక మావారు ఒక పాత తెరచాప పడవ కొన్నారు. అది ఒంటారియో సరస్సుకు అవతల, అమెరికా ఒడ్డున ఉంది. మేముండేది ఇవతల కెనడాలో, కనాటా అనే ఊళ్లో. ట్రెయిలర్ మీద తెప్పించుకుందామంటే ఒప్పుకోలేదు.

"పడవ కొనుక్కుని రోడ్డు మీద తెస్తామా? సెయిల్ చేసుకునే వద్దాం" అన్నారు.

నీటి మీద సరిహద్దు దాటితే రేవులోనే కస్టమ్స్‌కు రిపోర్ట్ చేయాలి. కెప్టెన్ ఒక్కరే దిగి, అక్కడి ఫోన్‌లో వివరాలు చెప్పాలి. అనుమతి వచ్చేదాకా మిగతావాళ్లు పడవలోనే ఉండాలి. కెప్టెన్ ఎవరన్న ప్రశ్నే మాకు రాలేదు. రెండు వేసవులు నేను కూడా సెయిలింగ్ క్లాసులకు వెళ్లిన మాట నిజమే కానీ, అది ఆయన్ని ఒంటరిగా నీళ్ల మీదికి పంపలేక.

జూలైలో ఒక ఉదయం బయలుదేరాం. సగం దూరం వచ్చాక గాలి పెరిగింది. తెరచాప దించడానికి లేచిన మావారు తడి చెక్క మీద జారి పడ్డారు. చూస్తుండగానే చీలమండ వాచిపోయింది.

"ముందు చుక్కాని పట్టుకో! పడవ ముక్కు గాలికేసి తిప్పు!" అని అరిచారు.

తిప్పాను. ఆయన కూర్చున్నచోటి నుంచే తాడు వదిలి తెరచాప దించారు. ఇంజను వేసి, మ్యాపు ఒళ్లో పెట్టుకుని, నీళ్లలో తేలుతూ కనిపించిన ప్రతి దారిగుర్తునూ పైకి చదువుతూ మా వైపు ఒడ్డునున్న కింగ్‌స్టన్ రేవు దాకా వచ్చాను. గట్టుకు చేర్చబోతూ మొదటిసారి మరీ వేగంగా వెళ్లి, భయపడి వెనక్కి లాగాను. రెండోసారి పడవ మెల్లగా గట్టుకు ఆనింది. పక్క పడవలోని ఆవిడ గట్టు మీదికి దూకి తాడు అందుకుంది.

ఫోన్ గట్టు చివర గోడకుంది. మావారు లేవబోయి మళ్లీ కూలబడ్డారు.

"నువ్వెళ్లు. కెప్టెన్‌వి నువ్వే."

"అదేంటండీ, పడవ మీ పేరున ఉందిగా?"

"పేరుదేముంది? ఇక్కడిదాకా డ్రైవ్ చేసింది ఎవరు?"

పాస్‌పోర్టులు, పడవ కాగితాలు తీసుకుని దిగాను. ఈ దేశానికి నేను ఆయన డిపెండెంట్‌గా వచ్చాను. ముప్పై ఏళ్లుగా కారులో సరిహద్దు దాటిన ప్రతిసారీ కిటికీ దగ్గర జవాబులు ఆయనవి, పక్కసీట్లో పాస్‌పోర్టులు అందించడం నా వంతు.

"పడవ కెప్టెన్ మీరేనా?" అని ఫోన్‌లో ఆఫీసరు అడిగాడు.

"అవును, నేనే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎంతమంది, పడవ ఎప్పుడు కొన్నారు అని వరసగా అడిగాడు. తినేవి ఏమున్నాయంటే పులిహోర అని చెప్పి, అదేమిటో వివరించాల్సి వచ్చింది. మావారి కాలి సంగతి కూడా చెప్పాను. త్వరగానే ఇద్దరు ఆఫీసర్లు వచ్చి, కాగితాలు చూసి, దిగడానికి అనుమతిచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి ఆయన్ని పట్టుకుని దింపి, బెంచీ దాకా నడిపించింది.

ఎముక విరగలేదు, బెణికిందంతే. ఆ వేసవంతా పడవ నేనే నడిపాను. ఆయన దిండు మీద కాలు చాపుకుని కూర్చుని సలహాలిచ్చేవారు. సగం వినేదాన్ని. మిగతా సగం గాలిని చూసి నేనే తేల్చుకునేదాన్ని.