గొడుగును మింగిన జల్లెడ

మరిది వీడియో ఆటల కంపెనీలో పనిచేస్తాడు. ఆడేవాళ్ళు చాట్‌లో కుమ్మరించే నవ్వు ముఖాలూ ఏడుపు ముఖాలూ, అవే ఎమోట్లు, ఏరి పారేసే సూత్రాలు రాయడం అతని పని. అందుకే అన్న అతన్ని ‘జల్లెడా’ అని పిలిచేవాడు. పొద్దస్తమానం పరాయివాళ్ళ నవ్వులు ఏరి ఇల్లు చేరేసరికి తను నవ్వే ఓపిక ఉండేది కాదు.

ఆ అన్న పోయి నాలుగు నెలలైంది. వదినకు చూపు సరిగా ఆనదు. భర్త పంపిన పాత మెసేజులను ఫోను చేత చదివించుకుని, కూరగాయలు తరుగుతూ వింటుంది. ఆ గొంతు ఎమోట్లను కూడా పేరుపెట్టి చదివేది. నవ్వు, నవ్వు, పువ్వు. ఆయన మాటకు ఇవి అడ్డమొస్తున్నాయి, తీసిపెట్టమంది.

ఫైలులో ఎమోటు బొమ్మగా కాక పేరుగా ఉంటుంది, ఆ పేరుకు అటొక కోలన్, అంటే నిలువు రెండు చుక్కలు, ఇటొక కోలన్ ఉంటాయి. కోలన్ నుంచి కోలన్ దాకా తీసేయమని ఒక్క వరుస రాసి, అలా ఏరిన మెసేజుల ఫైలు ఆమె ఫోనులో వేసి, మరిది మంచం మీద వాలిపోయాడు.

మర్నాడు చూస్తే తరగని కూరగాయల ముందు వదిన ఊరికే కూర్చుని ఉంది.

“ఏం నాయనా, మీ అన్నయ్య అంత మూగవాడా? గొడుగు మర్చిపోకు, వానొచ్చేలా ఉంది అని ఉండాలి. ఒక్క ముక్క లేదు. పోయాయా అవి?”

ఆమెకు అన్నీ కంఠతా వచ్చు. అతను ఫైలు తెరిచాడు. ఆ సూత్రానికి ఆశెక్కువ. దగ్గరి కోలన్ దగ్గర ఆగదు, వరుసలో చివరి కోలన్ దాకా మింగుతుంది. అన్నకేమో మాటకు ముందొక నవ్వు, వెనకొక పువ్వు పెట్టే అలవాటు. మధ్యలో గొడుగూ వానా కొట్టుకుపోయాయి. రోజూ ఇదే పని చేసేవాడు చేయాల్సిన తప్పు కాదు.

“రాళ్ళు ఏరబోయి గింజలు పారబోశాను వదినా. అసలు మెసేజులు అన్న ఫోనులో ఉన్నాయి, ముట్టుకోలేదు.”

దగ్గరి కోలన్ దగ్గరే ఆగమని ఒక్క గుర్తు చేర్చాడు. మాటలన్నీ తిరిగొచ్చాయి, చిట్టచివరి వరుస తప్ప.

“ఇందులో మాట లేదు వదినా. ఆసుపత్రి మంచం మీంచి పంపింది. పువ్వొక్కటే.”

“దాన్ని ఉండనీ.”

ఆ ఒక్క వరుసా జల్లెడకు తగలకుండా పక్కన పెట్టాడు. వదిన కత్తి అందుకుంది. గొంతు గొడుగు మర్చిపోవద్దంది, వానొచ్చేలా ఉందంది, ఇంకా ఏవేవో చెప్పి చివర్న పువ్వు అంది. వదిన మళ్ళీ మొదటినుంచి పెట్టింది.