హంస మెడ సరిచేసిన వదినె

నా రాతలో తప్పులుంటే మన్నించండి, నేను ఐదో తరగతితోనే బడి మానేశాను. మా వదినె, అంటే నా భర్త అక్క, పోయిన నెల జబ్బు చేసి చనిపోయింది. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

వదినె మాతోనే ఉండేది. మరమగ్గాల మీద నేసే చీరలకు అంచు బొమ్మలు గీసేది. కాగితం మీద కాదు, కంప్యూటర్లో. లెక్కలు వేసుకునే గడుల షీటు ఉంటుంది కదా, అందులో. ఒక్కో గడి, నిలువు పోగు పడుగూ అడ్డం పోగు పేకా కలిసే ఒక్కో చోటు. గడుల్లో రంగు నింపుతూ పోతే పువ్వో పిట్టో తేలేది.

మామూలు షీటులో గడులు అడ్డంగా పొడుగుంటాయి. అందుకని వదినె చిన్న కోడ్ రాసుకుంది. ఒక్క మీట నొక్కితే గడులన్నీ ఒకేసారి చదరంగా మారేవి. "ఒక్కొక్కటి చేత్తో గుంజుకుంట కూసుంటే ముసలిదాన్నయిత" అనేది.

ఆ గడుల్లో మొదట హంసను గీసింది. స్క్రీన్ మీద ముద్దుగా ఉంది. మగ్గాల ఆసామి నేసిన ముక్క తెచ్చి నవ్వారు. "అక్కా, హంస అంటివి, గిది కొంగ గదా!" మెడ అంతగా సాగింది.

ఆయన వెళ్ళాక తలుపు చాటు నుంచి వచ్చి ముక్కను తడిమి చూశాను. నేను మగ్గాల చప్పుడులో పెరిగినదాన్ని. "వదినె, పేక పోగులు పడుగంత దగ్గర లేవు. గుడ్డ మీద గడి నిలువుకు పొడుగుంటది" అన్నాను.

"గీ మాట ఆయన ముంగట ఎందుకనలే?"

"నువ్వడుగలే."

"అడిగితెనే రాలుతయా నీ నోట్ల ముత్యాలు? దా, ఇట్ల కూసో."

ముక్కను స్క్రీన్‌కు ఆనించి పట్టుకోమంది. కోడ్‌లో గడి ఎత్తు అంకె మార్చి మీట నొక్కింది. స్క్రీన్ మీది హంస కూడా కాస్త సాగింది.

"సాలునా?"

"ఇంక జర."

"గట్టిగ చెప్పు, ఇనవడలే."

"ఇంక జర, వదినె!"

రెండు కొంగలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ పొడుగు గడుల్లోనే వదినె మెడ కురచ చేసి మళ్ళీ గీసింది. ఈసారి గుడ్డ మీద హంసే వచ్చింది. "నేను గీసిన, మా మరదలు కొలిచింది" అని ఆసామితో చెబుతుంటే తలుపు చాటున నేను ఇంకాస్త లోపలికి జరిగాను.

అప్పటి నుంచి ఏ కొత్త రకం గుడ్డ వచ్చినా ముక్క పట్టుకోవడం నా పని. రంగు నింపడం, అంకె మార్చడం కూడా నేర్పింది. "మిగిలిన కోడ్ నాది, గీ అంకె నీది" అనేది.

వదినె దినాలు అయ్యాక ఆసామి కొత్త గుడ్డ ముక్కతో వచ్చారు. "అక్క లేకపాయె. ఇగ గీ పని పట్నంల ఇచ్చుకుంట" అని మా ఆయనతో అంటున్నారు. వదినె కూర్చునే కుర్చీ ఖాళీగా కనబడింది. తలుపు దాటి వచ్చాను.

"గా ముక్క ఉంచిపోండి అన్నా. నేను చేస్త."

ఆయన నా వంక చూసి, ముక్క బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ఇప్పుడు ఎడమ చేత్తో ఆ ముక్కను స్క్రీన్‌కు ఆనించాను. పోగుల సందుల్లోంచి వెలుతురు వస్తోంది. అంకె మార్చి మీట నొక్కాను. గడులన్నీ ఒక్కసారి నిలువునా లేచాయి. ఇంట్లో ఎవరూ లేరు.

"ఇంక జర" అన్నాను, గట్టిగానే.