పిచ్చివాళ్ల ఫౌంటెన్ దగ్గర ఎర్సీలియా

మా పక్కింటి ఎర్సీలియా డెబ్బైకి దగ్గరపడింది. కొండ మీద గొర్రెపాలతో చీజ్ చేసి బతుకుతుంది. ఆమె గుమ్మంలో నిలబడితే కింద గుబ్బియో ఊరి పాత రాతి గోపురాలు కనిపిస్తాయి. అయినా మొన్నటిదాకా ఆ ఊళ్లో కాలు పెట్టలేదు. కారణం నాజారెనో.

వయసులో ఉన్నప్పుడు వాడు ఆమె చెల్లెలు దీనాకి ఉంగరం తొడిగాడు. గుబ్బియోలో రొట్టెల కొట్టున్న పిల్ల దొరకగానే మాట తప్పాడు. అంతటితో ఊరుకున్నాడా? మా చర్చి మెట్ల మీద నిలబడి, "వాళ్ల రక్తంలోనే పిచ్చి ఉంది" అని చాటి మరీ పోయాడు. ఆ తర్వాత ఏ పెళ్లికొడుకూ ఆ గడప తొక్కలేదు. ఈ చలికాలంలో దీనా కన్నుమూసింది. సమాధి మీద మట్టి ఆరకముందే ఎర్సీలియా నా తలుపు తట్టింది.

"కారు తియ్యవే. ఆ అబద్ధం వాడి నోటితోనే కక్కించాలి."

నాకూ ఒళ్లు మండుతూనే ఉంది. తీశాను.

గుబ్బియోకి కొత్తగా వచ్చినవాళ్లు అక్కడి ఫౌంటెన్ చుట్టూ మూడుసార్లు పరిగెత్తితే, ఆ ఊళ్లో పుట్టినవాడొకడు నీళ్లు చల్లి, పేరు అరిచి, ఇక నువ్వు మా ఊరి పిచ్చివాడివని చాటుతాడు. అక్కడ అదో గౌరవం. నాజారెనో రొట్టెల కొట్టు దానికి ఎదురుగానే. నీళ్లు చల్లడమంటే వాడికి మహా సరదా.

"ఏమ్మా, ఈ వయసులో పిచ్చి ముదిరిందా?" అన్నాడు, ఫౌంటెన్ దగ్గరికొచ్చిన ఎర్సీలియాని గుర్తుపట్టకుండా.

"మొదటిసారి వచ్చానయ్యా. నువ్వే చల్లాలి."

గౌను ఎత్తిపట్టుకుని, రొప్పుతూ మూడు చుట్లూ తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. వాడు దోసిలితో నీళ్లు చల్లి, "పేరు చెప్పమ్మా!" అన్నాడు.

"ఎర్సీలియా. దీనా అక్కని."

వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అరవవేం? మా చర్చి దగ్గర నీళ్లు చల్లకుండానే అరిచావుగా, మాకు పిచ్చని."

"అది... అబద్ధం," గొణిగాడు.

"గట్టిగా! అప్పుడు కొండంతా వినబడింది."

"అబద్ధం! పెళ్లి తప్పించుకోడానికి చెప్పాను!"

చప్పట్లు ఆగిపోయాయి. కొట్టు గుమ్మంలోంచి వాడి కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. నా కడుపు చల్లబడింది, దాచుకోవడమెందుకు?

వాడు తడిచేత్తో ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. "క్షమించు, ఎర్సీలియా."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నన్నడుగుతావేం? దీనాని అడుగు. ఇంకెంతకాలంలే, నీ వయసు నాకు తెలీదూ?"