ఓడిన దేశం చేతికి మైకు

మొన్న ఆఫీసులో ఎవరో మడత కుర్చీని కిర్రుమంటూ విప్పారు. అంతే, నా ఒళ్ళు ఝల్లుమంది! అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్, శనివారం ఉదయం, కుర్చీలన్నీ తనే మోసుకొచ్చి వేసే మూర్తి అంకుల్ కళ్ళముందు నిలిచారు. ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. పిల్లలకు తలా ఒక దేశం పాత్ర ఇచ్చి చరిత్రను ఆడించడం ఆయనకు పిచ్చి.

2009లో వాషింగ్టన్ డిబేట్‌కి మాలో ఒక్కరినే పంపుతానన్నారు. ఆ ఒక్కరూ నేనే కావాలని కలవరించాను. ఎంపిక కోసం ఆడిన ఆట, రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్‌తో శాంతి ఒప్పందం. అమెరికా రోహన్, సోవియట్ నేను. జపాన్ సింధు. వరంగల్ నుంచి వచ్చి నాలుగు నెలలు, నోరు విప్పేది కాదు.

రోహన్ నా సవరణల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు. నాకు తిక్క రేగింది. పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో అసెంబ్లీని టీవీలో చూసి పెరిగినవాణ్ణి, వాకౌట్‌ని మించిన వీరత్వం లేదనుకునేవాణ్ణి. కాగితాలు గాల్లోకి విసిరి, "వాకౌట్!" అని అరిచి బయటికి నడిచాను. ఆహా, ఏం దర్జా! రెండు నిమిషాల్లో లోపల చప్పట్లు. నేను లేకుండానే సంతకాలు అయిపోయాయి.

"హీ లెఫ్ట్ అంకుల్, నేను విన్ అయ్యాను!" అంటున్నాడు రోహన్.

అంకుల్ నన్ను లోపలికి పిలిచారు. "అన్నం మీద అలిగితే మాడేది ఎవరి కడుపురా? కూర్చో. మళ్ళీ మొదటినుంచి."

ఈసారి అమెరికా సైన్యం జపాన్‌లో ఉండాలని వాడు, పోవాలని నేను గొంతులు చించుకున్నాం. అంకుల్ బల్ల చరిచారు. "ఒరే, ఎవరింటి గురించిరా ఈ కొట్లాట?"

సింధు వైపు చూశాను. పెదవులు కదులుతున్నాయి. నేను మాట్లాడటానికి ఇంకా మూడు నిమిషాలున్నాయి, గెలవడానికి చాలు. అయినా నా ముందున్న మైకు ఆమె ముందుకు జరిపాను.

"మేం తప్పు జేసినం, ఒప్పుకుంటం," అంది సింధు లేచి. "మావోళ్ళు ఎవరి ఇండ్లు కాలబెట్టిన్రో ఆళ్ళకు మొక్కుతం. కానీ మీరిద్దరు మా ఇంట్లకెళ్ళి ఎప్పుడు పోతరో గది చెప్పున్రి!"

గదంతా చప్పట్లు! వాషింగ్టన్ సీటు ఆమెకే.

"కోపం వచ్చిందా?" అడిగారు అంకుల్.

"చాలా, అంకుల్."

"రావాలి. రేపు పదింటికి వచ్చి ఆ అమ్మాయికి ప్రాక్టీస్ ఇవ్వు."

ఏడుపు దిగమింగుకుని వెళ్ళాను. నెలరోజులు రోజూ వాదించాం. వాషింగ్టన్‌లో సింధు గెలిచింది! నీకు నేర్పిందెవరని జడ్జి అడిగితే, ప్రేక్షకుల్లో ఉన్న నన్ను చూపించి, "సోవియట్ యూనియన్, సర్!" అంది. అంకుల్ పగలబడి నవ్వారు.

ఇప్పటికీ ఆఫీసు మీటింగుల్లో మాటల మధ్య తిక్క రేగుతుంది, లేచి పోవాలనిపిస్తుంది. పోను. ఎవరి బతుకు గురించి తేలుస్తున్నామో వాళ్ళు నోరు విప్పేదాకా కదలను.