పథ్యం అక్కర్లేదన్న రోజు

తొంభైల చివర్లో నేను అమలాపురంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. ఎవరేం తినాలో చెప్పడానికి అక్కడ వేరే మనిషి ఉండేవారు కాదు. డాక్టరుగారు చీటీ మీద ఒక ముక్క రాసేవారు, మిగతాది మేం చెప్పేవాళ్లం. షుగరు వాళ్లకి ఒకటి, కామెర్ల వాళ్లకి ఇంకొకటి. చెప్పగా చెప్పగా నా గొంతు బస్టాండులో మైకు గొంతులా అయిపోయింది.

ఆ రోజుల్లో బండారులంక నుంచి నేతపని చేసే ఒకాయన వచ్చి చేరారు. యాభై దాటిన మనిషి. మూత్రపిండాలు రెండూ దెబ్బతిని, మొహం, కాళ్లు నీరు పట్టి ఉన్నాయి. కొన్నాళ్లు కాకినాడ వెళ్లి డయాలసిస్ చేయించుకున్నారు. ఆ ప్రయాణాలకి ఒళ్లు తట్టుకోలేక మానేశారు. వెంట భార్య ఒక్కతే ఉండేది.

ఆవిడకి పథ్యం చెప్పాను. ఉప్పు వద్దు, పచ్చళ్లు వద్దు, పప్పు బాగా తగ్గించాలి, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు అసలే వద్దు.

"కొబ్బరినీళ్లు కూడానాండీ? చలవ చేస్తాయి కదండీ?"

"ఈ జబ్బులో అవి గుండెకి ప్రమాదమండి."

"ఆయ్," అంది ఆవిడ. మళ్లీ అడగలేదు.

అప్పటినుంచి నేను చెప్పినట్టే కూరముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండి తెచ్చేది. తాగే నీళ్లు కొలిచి ఇచ్చేది. ఆయన దాహమంటే తడిగుడ్డతో పెదాలు అద్దేది.

"ఈ చప్పిడి కూడు ఎన్నాళ్లే?" అని ఆయన విసుక్కునేవారు.

"నయమయ్యేదాకానండి. తర్వాత మీ ఇష్టం."

ఒక ఉదయం డాక్టరుగారు ఆయన్ని చూసి, వరండాలోకి వచ్చి నాతో మెల్లగా అన్నారు. "ఇంక మనం చేసేదేం లేదమ్మా. పథ్యం అక్కర్లేదు, ఏమడిగితే అది పెట్టమను." ఓపీలో జనం ఉన్నారు. ఆయన వెళ్లిపోయారు.

నేను ఆవిణ్ణి బయటికి పిలిచి ఆ ముక్కే చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది.

"అయితే నయమైపోయినట్టేనాండీ?"

ఏం చెప్పాలో వెతుక్కోలేదు. మామూలుగా చెప్పే గొంతుతోనే చెప్పాను. "కాదండి. మందులింక పనిచెయ్యట్లేదు. అందుకని తినాలనిపించింది తిననివ్వమన్నారు."

ఆవిడ చేతిలోని తడిగుడ్డని మడిచింది. విప్పి మళ్లీ మడిచింది. తర్వాత కళ్లైనా తుడుచుకోకుండా లోపలికెళ్లి, "డాక్టరుగారు పథ్యం తీసేసేరండి. ఏం చేసి తెమ్మంటారు?" అంది.

ఆయన నావైపు చూశారు. "నిజవేనా అమ్మా?"

"ఆయ్. ఏదైనా తినొచ్చండి."

"పనసపొట్టు కూర. ఆవ ఘాటుగా పెట్టు," అన్నారాయన భార్యతో.

మర్నాడు మధ్యాహ్నానికి ఆవిడ క్యారేజీతో వచ్చింది. మూత తియ్యగానే వార్డంతా ఆవ ఘాటు, ఇంగువ వాసన. ఎదుటి మంచమ్మీది రోగి కూడా లేచి కూర్చున్నాడు. ఆవిడ అన్నంలో కూర కలిపి నోటికందించింది. మొదటి ముద్ద ఆయన చాలాసేపు నమిలారు. రెండోది అతి కష్టమ్మీద మింగారు. మూడో ముద్దకి చెయ్యి అడ్డం పెట్టారు. ఈ జబ్బు ముదిరితే నోట్లో ఏం పెట్టినా ఇనుములా ఉంటుంది, ఆ సంగతి నాకు తెలుసు.

"ఉప్పూ కారం సరిపోయేయాండీ?"

"బాగుందే. కడుపు నిండిపోయింది."

ఆవిడ మిగిలిన క్యారేజీ నా చేతిలో పెట్టింది. "మీరు తినండమ్మా. పొద్దున్నించీ నిలబడే ఉన్నారు."

డ్యూటీ గదిలో కూర్చుని తిన్నాను. కొంచెం తిని పక్కన పెట్టేద్దామనుకున్నాను, మొత్తం తినేశాను. కూర చాలా బాగుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. గిన్నెలు కడిగి ఆవిడకిచ్చాను. సాయంత్రం ఆవిడ ఆటో పిలిపించుకుని ఆయన్ని ఇంటికి తీసుకెళ్లిపోయింది.

కొన్నాళ్లకి బండారులంకలో వాళ్ల వీధివాడే ఒకడు వేలికి దెబ్బ తగిలి వచ్చాడు. కట్టు కడుతుంటే చెప్పాడు, ఆ నేతాయన పోయారని, ఆవిడ మళ్లీ మగ్గాలకి నూలు ఆసులు పోసుకుంటోందని. "అలాగాండీ," అన్నాను. ప్లాస్టరు అంటించి, కట్టు తడవనివ్వొద్దని చెప్పి, తర్వాతి వాళ్లని పిలిచాను.